ఫిర్యాదు ఎవరికి చేసుకోవాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అంతర్జాతీయ సంస్థల గురించి, దౌత్యం గురించి ప్రశ్నలు పంపవలసిందిగా కిందటి సంచికలో కోరాం. వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా గోదావరి డెల్టా నుంచి వచ్చినవే. వాటిలోనూ ఎక్కువ భాగం రొయ్య, ధాన్యం, గల్ఫ్ ప్రయాణం చుట్టూ తిరిగినవే. ఒకే రకం ప్రశ్నలను కలిపి, కొన్నింటికి వివరంగానూ కొన్నింటికి క్లుప్తంగానూ జవాబిస్తున్నాం.

ప్రశ్న: వనామీ రొయ్యల సాగు చేస్తున్నాను. అమెరికా మన సరుకుపై 50 శాతం సుంకం వేసినప్పుడు ఇక్కడ కొనుగోలుదారులు రాత్రికి రాత్రి అన్ని కౌంట్ల (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలూ తగ్గించేశారు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఉన్నది ఇలాంటివి ఆపడానికే కదా? మన ప్రభుత్వం అక్కడ కేసు ఎందుకు వేయలేదు? వేస్తే గెలుస్తామా?
– ఒక రొయ్యల రైతు, భీమవరం

జవాబు: కేసు వేస్తే గెలిచే అవకాశం బాగానే ఉంది. గెలిచినందువల్ల మీ చెరువుగట్టు మీద ధర మారే అవకాశం మాత్రం ఇప్పటి పరిస్థితిలో లేదనే చెప్పాలి. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో కొంచెం విడమరచి చెబుతాను.

ప్రపంచ వాణిజ్య సంస్థ 1995 జనవరి 1న ఏర్పడినా దాని నియమాలకు మూలం సుంకాలపైనా వాణిజ్యంపైనా 1947లో దేశాలు చేసుకున్న గాట్ ఒప్పందం. దానిలో తొలుత చేరిన 23 దేశాలలో మనమూ ఉన్నాం. ఆ ఒప్పందపు మొదటి అధికరణం ప్రకారం ఒక దేశపు సరుకుకు ఇచ్చిన సుంకం రేటునే సభ్యదేశాలన్నింటి సరుకుకూ ఇవ్వాలి. రెండో అధికరణం ప్రకారం ఏ దేశమూ తాను రాసి ఇచ్చిన గరిష్ఠ రేటును దాటకూడదు. రొయ్యలపై అమెరికా మామూలు సుంకం సున్నా. అలాంటిది 2025 ఆగస్టు 7 నుంచి మన సరుకుపై 25 శాతం, రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో అదే నెల 27 నుంచి మరో 25 శాతం వేశారు. మనకు గట్టి పోటీదారైన ఈక్వడార్‌పై అప్పుడు వేసింది 15 శాతం. మరీ తక్కువ ధరకు సరుకు దింపుతున్నారన్న కారణంతో వేసే డంపింగ్ వ్యతిరేక సుంకం, సబ్సిడీ వ్యతిరేక సుంకం వీటికి అదనం. మీ ధరను అసలు దెబ్బతీసింది ఈక్వడార్‌కూ మనకూ మధ్య ఏర్పడిన ఆ తేడాయే. అందరిపైనా సమానంగా వేసి ఉంటే ఆ భారంలో పెద్ద వాటా అమెరికాలో తినేవాడే మోసేవాడు. ఆ తరవాత ఈ రేట్ల మీద ఎన్ని బేరసారాలు నడిచినా, మొదటి అధికరణాన్ని రాసుకున్నది సరిగ్గా ఇలాంటి తేడా రాకుండా చూడడానికే.

నియమం ఉండీ పనిచేయకపోవడానికి కారణం అప్పీలు దగ్గర ఉంది. ఆ సంస్థలో వివాదం మొదట 60 రోజుల సంప్రదింపులకు, తరవాత నిపుణుల ప్యానెల్‌కు, చివరికి ఏడుగురు సభ్యుల అప్పీలు సంఘానికి వెళుతుంది. ఒక్కో అప్పీలును ముగ్గురు వినాలి. ఈ ఏడుగురి నియామకానికి సభ్యదేశాలన్నీ ఒప్పుకోవలసి ఉండడంతో అమెరికా అడ్డుపడడం మొదలుపెట్టింది. ఒబామా హయాంలో 2016లో ఒక సభ్యుని పునర్నియామకాన్ని ఆపింది; ట్రంప్ హయాంలో నియామకాలన్నింటినీ ఆపింది; బైడెన్ వచ్చినా ఆ అడ్డు తొలగలేదు. 2019 డిసెంబరులో ఒక్కరే మిగిలారు, 2020 నవంబరు ముగిసేసరికి ఆ ఒక్కరి పదవీకాలమూ ముగిసింది. సెషన్స్ కోర్టులో ఓడినవాడు హైకోర్టుకు వెళితే అక్కడ జడ్జీలే లేకపోయినట్లయింది ఆ సంస్థ కేంద్రమైన జెనీవాలో పరిస్థితి. ఓడిన దేశం అప్పీలు కాగితం దాఖలు చేస్తే చాలు, ప్యానెల్ తీర్పు అమలుకు నోచుకోదు.

ఈ విషయంలో మనమూ తక్కువ తినలేదు. చెరకు, చక్కెర సబ్సిడీలపై ఆస్ట్రేలియా, బ్రెజిల్, గ్వాటెమాలా వేసిన కేసులో 2021 డిసెంబరులో ప్యానెల్ మనకు వ్యతిరేకంగా తేల్చగా, మన ప్రభుత్వం ఆ సభ్యులు లేని సంఘానికే అప్పీలు చేసుకుంది. యూరోపియన్ యూనియన్, మరికొన్ని దేశాలు 2020లో తమలో తాము తాత్కాలిక అప్పీలు ఏర్పాటు చేసుకుంటే అందులో మనం చేరలేదు.

ఆ సంస్థ నిండుగా పనిచేసిన రోజుల్లో రొయ్యకు ఒరిగిందేమిటని మీరు అడగవచ్చు. ఒరిగింది. 2005లో అమెరికా మన రొయ్యలపై సుమారు 10 శాతం డంపింగ్ వ్యతిరేక సుంకం వేసింది. అంతటితో ఆగక, దిగుమతిదారు ఆ సుంకాన్ని డిపాజిట్‌గా కట్టిన తరవాత కూడా, గడచిన ఏడాది తెప్పించిన సరుకుపై ఎంత సుంకం పడుతుందో అంత మొత్తానికి విడిగా బాండు చూపాలని షరతు పెట్టింది. బాండుకు పూచీ కావాలి, పూచీకి సొమ్ము నిలవ ఉంచాలి, తుది లెక్క తేలడానికి ఏళ్లు పట్టేది. వ్యాపారి పెట్టుబడి అలా ఇరుక్కుపోతే దాని ఫలితం ఎవరి మీద పడుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. పైగా ఆ షరతును రొయ్యలకు మాత్రమే వర్తింపజేశారు. మన దేశమూ థాయిలాండూ కేసులు వేయగా, ఆ బాండు సమంజసమైన పూచీ కాదని 2008లో అప్పీలు సంఘం తేల్చింది. ఆ తరవాత అమెరికా దాన్ని ఎత్తివేసింది. డంపింగ్ సుంకం పోలేదు, ఇరుక్కున్న సొమ్ము విడుదలయింది. అంతర్జాతీయ సంస్థల వల్ల జరిగే మేలు సాధారణంగా ఈ పాటి కొలతలోనే ఉంటుంది, అందుకే అది పత్రికల మొదటి పేజీకి ఎక్కదు.

గెలుపు అన్నిసార్లూ ఇంత నికరంగా ఉండదు. సముద్రపు తాబేళ్లను కాపాడే పరికరం వలలో లేకుండా పట్టిన రొయ్యను కొనబోమని అమెరికా చట్టం చేసినప్పుడు మనమూ, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి కేసు వేశాం. కరీబియన్ ప్రాంతపు దేశాలకు మూడేళ్ల గడువిచ్చి, మనకు నాలుగు నెలలే ఇవ్వడం వివక్ష అని 1998లో అప్పీలు సంఘం చెప్పింది. అదే తీర్పులో తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశం సమంజసమేననీ చెప్పింది. అమెరికా గడువులను సరిదిద్దుకుని చట్టాన్ని అలాగే ఉంచింది. అంతర్వేది, సఖినేటిపల్లి ఇసుకపైకి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లను చూసినవారికి ఆ చట్టం మీద పెద్దగా కోపం రాదు. వల గొంతులో ఇనుప చువ్వల చట్రం బిగిస్తే రొయ్య చువ్వల సందులోంచి లోపలికి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి పైనున్న కంతలోంచి బయటపడుతుంది. కొంత చేప కూడా దానితో పోతుందన్నది మరబోటు యజమానుల గోడు. చెరువు రొయ్యకు ఈ షరతు లేదు.

ఇక కేసు ఎందుకు వేయలేదన్నది. 2025లో చైనా, కెనడా, బ్రెజిల్ వేశాయి. మన ప్రభుత్వం ఉక్కు, అల్యూమినియం సుంకాల విషయంలో తనకు ప్రతిసుంకాల హక్కు ఉందని ప్రపంచ వాణిజ్య సంస్థకు నోటీసు ఇచ్చి, మిగతాదంతా అమెరికాతో నేరుగా బేరానికి వదిలింది. మీ పంట నాలుగు నెలల్లో చేతికొస్తుంది, కేసుకు ఏళ్లు పడతాయి, చివర అప్పీలు వినేవారు లేరు. కాబట్టి ఆ లెక్కను తప్పుపట్టలేం. అయినా కేసు వేసి కూడా బేరమాడవచ్చన్నది నా అభిప్రాయం. ఏ నియమం ప్రకారం ఇలా చేశారో పెద్ద దేశం కాగితం మీద జవాబు చెప్పుకోవలసి రావడం బేరంలో మన పక్షానికి కొంత బలమే. ఈలోగా 2025 జులై 24న సంతకమైన బ్రిటన్ వాణిజ్య ఒప్పందం అక్కడ మన రొయ్యలపై సుంకాన్ని సున్నా చేస్తుంది. అయితే బ్రిటన్ కొనేది అమెరికా కొనేదానిలో చిన్న భాగం. మీ కొనుగోలుదారుడు ఆ పేరు చెప్పి ధర పెంచుతాడని వెంటనే ఆశించకండి.

ప్రశ్న: మన దేశం ధాన్యానికి ఇచ్చే మద్దతు ధర మోతాదు మించిందని ప్రపంచ వాణిజ్య సంస్థలో అభ్యంతరాలు వస్తున్నాయని చదివాను. పెట్టుబడి రావడమే గగనమైన మాకు ఇచ్చేది ఎక్కువ ఎలా అయింది?
– ఒక వరి రైతు, తాడేపల్లిగూడెం మండలం

జవాబు: లెక్క కట్టే పద్ధతిలో ఉంది తిరకాసు. 1994లో ఒప్పుకున్న సూత్రం ప్రకారం, ఈనాటి మద్దతు ధరను 1986-88 నాటి అంతర్జాతీయ ధరతో పోలుస్తారు. ఆ తేడాను అర్హత గల పంట మొత్తంతో హెచ్చిస్తారు. వచ్చిన మొత్తం పంట విలువలో 10 శాతం దాటితే పరిమితి మించినట్లు. నాలుగు దశాబ్దాల కిందటి ధరతో పోలిస్తే ఈనాటి ఏ ధరైనా దానమే అనిపిస్తుంది. ఎరువు, డీజిలు, కోత యంత్రం అద్దె పెరిగిన సంగతి ఆ సూత్రంలో ఎక్కడా లేదు. గిట్టుబాటు కాక 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారన్నదీ దానికి పట్టదు.

ఈ లోపాన్ని మన ప్రతినిధులు ఏళ్ల తరబడి ఎత్తిచూపగా, ఆహార నిల్వల కోసం కొనే పంట విషయంలో పరిమితి దాటినా కేసు వేయకుండా ఉండే ఏర్పాటు 2013 బాలి సమావేశంలో కుదిరింది. శాశ్వత పరిష్కారం దొరికేదాకా అది కొనసాగుతుందని 2014 నవంబరులో నిర్ణయించారు. 2018-19 పంటకు వరి విషయంలో పరిమితి దాటామని మన ప్రభుత్వమే తెలియజేసి ఆ రక్షణను వాడుకుంది. అందువల్ల మీ మద్దతు ధరకు ఇప్పటికిప్పుడు జెనీవా నుంచి ముప్పేమీ లేదు.

ధరను ఎక్కువగా దెబ్బతీసింది మన ఢిల్లీ నిర్ణయాలే. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని, 2023 జులై 20న బాస్మతేతర తెల్లబియ్యం ఎగుమతిని ప్రభుత్వం నిషేధించింది. కాకినాడ రేవు నుంచి బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్ వంటి పశ్చిమ ఆఫ్రికా దేశాలకు వెళ్లే బియ్యానికి, సెనెగల్ ఇష్టంగా కొనే నూకలకు ఒక్కసారి దారి మూసుకుపోయింది. తెల్లబియ్యంపై నిషేధాన్ని 2024 సెప్టెంబరులోనూ నూకలపై నిషేధాన్ని 2025 మార్చిలోనూ ఎత్తివేశారు. మధ్యలో, అడిగిన ప్రభుత్వాలకు మాత్రం విడివిడిగా అనుమతులిచ్చారు. దౌత్యానికి అది పనికివచ్చే పద్ధతే: బియ్యం కావలసిన దేశం ఢిల్లీ తలుపు తట్టవలసి వచ్చింది. పేద దేశాల పక్షాన నిలబడతామని చెప్పుకునే మనం ఆ దేశాలకే అన్నం ధర పెంచామన్న విమర్శకు మాత్రం మన ప్రతినిధుల దగ్గర గట్టి జవాబు లేకపోయింది.

ప్రశ్న: బ్రిక్స్ దేశాలు (బ్రెజిల్, రష్యా, భారత్, చైనా, దక్షిణాఫ్రికా తదితరాల కూటమి) సొంత కరెన్సీ తెస్తే డాలరు పడిపోతుందంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: అలాంటి నోటు ఏదీ లేదు, డాలరును దించడం తన విధానం కాదని మన విదేశాంగ శాఖ పలుమార్లు చెప్పింది. చైనా కరెన్సీ పెత్తనం ఎదగడం మనకు లాభమూ కాదు. బ్రిక్స్ వల్ల చేతికందింది 2015లో పని మొదలుపెట్టిన న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు. మన రాష్ట్రంలో రోడ్లు, వంతెనల పునర్నిర్మాణానికి అప్పు మంజూరు చేసిన బ్యాంకుల్లో అదొకటి. ఆ రోడ్లు మీ మండలం దాకా వచ్చాయా లేదా అన్నది ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయం ఉన్న షాంఘైలో అడగవలసిన ప్రశ్న కాదు.

ప్రశ్న: భద్రతా మండలిలో మనకు శాశ్వత స్థానం ఎందుకు రావడం లేదు? వచ్చిన స్థానాన్ని నెహ్రూ చైనాకు వదిలేశారన్నది నిజమా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: రెండో ప్రశ్న ముందు చూద్దాం. చైనా స్థానం 1945 నుంచే ఐక్యరాజ్యసమితి చార్టర్‌లో రాసి ఉంది. 1950లలో దానిలో కూర్చున్నది కమ్యూనిస్టుల చేతిలో ఓడి తైవాన్‌కు తరలిన పాత చైనా ప్రభుత్వం. 1950లో అమెరికా వైపు నుంచి, 1955లో సోవియట్ ప్రధాని బుల్గానిన్ నుంచి భారత్ పేరు ప్రస్తావనకు వచ్చిన మాట వాస్తవం. ముందు చైనా ప్రాతినిధ్యం సంగతి తేలాలని నెహ్రూ అన్నదీ వాస్తవమే. అయితే చార్టర్‌ను సవరించకుండా ఎవరూ ఎవరికీ ఆ స్థానం ఇవ్వలేరు. ఆ సవరణకు అయిదు శాశ్వత సభ్యదేశాలూ ఆమోదం తెలపాలి. 1955లో అమెరికా, సోవియట్ యూనియన్, తైవాన్ ముగ్గురూ ఒకే కాగితాన్ని ఆమోదించే రోజులు కావవి. లాంఛనంగా గానీ అనధికారికంగా గానీ ప్రతిపాదన ఏదీ రాలేదని నెహ్రూ ఆ ఏడాది సెప్టెంబరులో పార్లమెంటుకు చెప్పారు. ఆయన వైఖరిని మెతక అనుకునే హక్కు మీకుంది. చేతికొచ్చినదాన్ని జారవిడిచారనడానికి మాత్రం అది చేతికి రాలేదు.

ఇప్పటి అడ్డంకీ అదే. 108వ అధికరణం ప్రకారం సర్వసభ్యసభలో మూడింట రెండు వంతుల ఓట్లు, అంతే సంఖ్యలో దేశాల చట్టసభల ఆమోదం, అందులో అయిదు శాశ్వత సభ్యులూ ఉండడం తప్పనిసరి. మండలిని పెంచింది ఒక్కసారే. 1965లో 11 స్థానాలు 15 అయ్యాయి, ఆ పెరిగిన నాలుగూ తాత్కాలిక స్థానాలే. మనం జపాన్, జర్మనీ, బ్రెజిల్‌తో కలిసి అడుగుతున్నాం. జపాన్ అంటే చైనాకు గిట్టదు, జర్మనీ అంటే ఇటలీకి గిట్టదు, మనమంటే పాకిస్తాన్‌కు గిట్టదు. నలుగురం కలవడంతో వ్యతిరేకులూ కలిశారు. ఈలోగా అందిన వేదికల మీద పని జరుగుతూనే ఉంది. 2023 సెప్టెంబరులో ఢిల్లీ జీ-20 సమావేశంలో ఆఫ్రికన్ యూనియన్‌కు సభ్యత్వం ఇప్పించడం ఇటీవలి సంవత్సరాల్లో మన దౌత్యం సాధించిన మంచి పనుల్లో ఒకటని నేననుకుంటాను.

ప్రశ్న: చుట్టూ ఆంధ్ర ఉన్నా మా యానాం పుదుచ్చేరి కిందనే ఎందుకు ఉంది? ఫ్రాన్సుతో చేసుకున్న ఒప్పందం ఇప్పటికీ చెల్లుతుందా?
– ఒక ఉపాధ్యాయురాలు, యానాం

జవాబు: చెల్లుతుంది, మీరు పుదుచ్చేరిలో ఉండడానికి దానికీ సంబంధం ఉంది. 1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి పాలన కూలిపోయింది. అదే ఏడాది అక్టోబరు 18న కీళూరులో ఎన్నికైన ప్రతినిధులు 178 మంది ఓటు వేయగా 170 మంది భారత్‌లో విలీనానికి మొగ్గారు. నవంబరు 1న పాలన మన చేతికి వచ్చింది. హక్కు బదిలీ ఒప్పందంపై 1956 మే 28న సంతకాలయ్యాయి. ఫ్రెంచి పార్లమెంటు దాన్ని ఆమోదించడానికి మాత్రం 1962 దాకా పట్టింది, ఎందుకంటే అల్జీరియా యుద్ధం నడుస్తుండగా ఒక వలసను వదులుకునే కాగితాన్ని సభ ముందు పెట్టే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేకపోయింది. ఆమోద పత్రాలు మార్చుకున్న 1962 ఆగస్టు 16 దాకా, అంటే దాదాపు ఎనిమిదేళ్లపాటు, యానాంను పాలించింది ఢిల్లీ. చట్టం దృష్టిలో హక్కు మాత్రం పారిస్‌ది. ఒప్పందంలోని రెండో అధికరణం ఇలా చెబుతుంది: 1954 నవంబరుకు ముందున్న ప్రత్యేక పాలనా ప్రతిపత్తి కొనసాగుతుంది, దానిలో రాజ్యాంగపరమైన మార్పులేమైనా చేయదలిస్తే ప్రజల అభీష్టం తెలుసుకున్నాకే చేయాలి. కాబట్టి యానాంను పక్కనున్న జిల్లాలో కలపాలన్నా ముందు మీ ఊరి వారిని అడగవలసిందే.

గోవా విషయంలో పోర్చుగల్ మాటలకు ఒప్పుకోక 1961లో సైన్యాన్ని పంపవలసి వచ్చింది. ఫ్రాన్సుతో ఎనిమిదేళ్లు ఆగడం వల్ల యుద్ధం అవసరం కాలేదు, కోరుకున్నవారికి ఆరు నెలల్లో ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకునే అవకాశమూ దక్కింది.

ప్రశ్న: నా భార్య ఇంటిపనికి కువైట్ వెళ్లింది. నాలుగు నెలలుగా జీతం లేదు, పాస్‌పోర్టు కఫీల్ (వీసాకు పూచీపడిన యజమాని) దగ్గరే ఉంది, ఫోను కూడా అప్పుడప్పుడే ఇస్తున్నారు. ఐక్యరాజ్యసమితికి అర్జీ పెట్టుకోవచ్చునని ఒకరు చెప్పారు. ఎలా పెట్టాలి?
– ఒక పాఠకుడు, రాజోలు మండలం

జవాబు: ఆ అర్జీ మీద సమయం పోగొట్టుకోకండి. ఐక్యరాజ్యసమితి సంస్థలు ఒక్కొక్క ఇంటి కేసులో జోక్యం చేసుకోవు. ఇంటిపనివారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికను కువైట్ ఆమోదించలేదు, మన దేశమూ ఆమోదించలేదు. మీకు అక్కరకు వచ్చేవి మరో రెండు కాగితాలు. ఒకటి 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం. తమ దేశస్థులను కలుసుకుని సహాయం చేసే హక్కు మన రాయబార కార్యాలయానికి దానివల్లనే ఉంది. రెండోది కువైట్ సొంత చట్టం, 2015 నాటి 68వ నంబరుది. దాని ప్రకారం ఇంటిపనివారికి నెలనెలా జీతం, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. వారి అంగీకారం లేకుండా యజమాని పాస్‌పోర్టు ఉంచుకోకూడదు. అసలు పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి, కఫీల్‌ది కాదు.

చేయవలసినది ఇది. ఆమె పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, యజమాని పేరు, ఇల్లున్న ప్రాంతం, చివరిసారి జీతం ముట్టిన నెల, మీతో మాట్లాడిన నంబరు ఒక కాగితం మీద రాసి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. వచ్చిన నంబరును జాగ్రత్త చేసుకోండి. అదే కాగితాన్ని జిల్లా కలెక్టరు కార్యాలయంలోనూ, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న రాష్ట్ర ప్రభుత్వపు ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీలోనూ ఇవ్వండి. కువైట్‌లోని మన రాయబార కార్యాలయంలో ఇంటిపనివారి కోసం ప్రత్యేక విభాగం, నిలవనీడ లేని మహిళలకు వసతి ఉన్నాయి. అయితే ఇల్లు విడిచి వెళ్లే ముందు ఆమె రాయబార కార్యాలయంతో మాట్లాడడం అవసరం, ఎందుకంటే యజమాని ముందుగా పరారీ కేసు పెడితే ఆమె అకామా (అక్కడి నివాస అనుమతి) చిక్కుల్లో పడి పని జటిలమవుతుంది.

మరొక్క విషయం మీరు ఉత్తరంలో రాయలేదు: ఆమె వయసు, ఏ వీసా మీద వెళ్లిందన్నది. ముప్ఫయ్యేళ్లు నిండని మహిళకు కువైట్‌లో ఇంటిపనికి వలస అనుమతి ఇవ్వరు. అందుకే కొందరు ఏజెంట్లు విజిట్ వీసా మీద, వేరే ఊరి విమానాశ్రయం నుంచి, మరో దేశం మీదుగా పంపుతారు. ఆమెను అలా పంపి ఉంటే ఆ సంగతి దాచకుండా ఫిర్యాదులోనే రాయండి. అనుమతి లేకుండా వెళ్లినందుకు సహాయం నిరాకరించరు. పైగా ఆ ఏజెంటుపై 1983 వలస చట్టం కింద ఇక్కడి పోలీసు స్టేషన్లో కేసు పెట్టడానికి అదే ఆధారం. అతనికి డబ్బు ఇచ్చిన రసీదు గానీ, ఫోన్ చెల్లింపు వివరం గానీ ఉంటే దాని నకలూ జత చేయండి.